చెస్ నేర్చేవాడికి ఏ గేము మేలు: సమఉజ్జీలదా, ఎక్కువ తక్కువలదా?

బెజవాడలో పిల్లల్ని చెస్ క్లాసుకు దింపే తల్లిదండ్రులు తరచూ అడిగేది ఒకటే: "మావాడికి కోనేరు హంపి గేములు చూపించండి సార్." గుంటూరు వైపైతే హరికృష్ణ, హారిక. ఊరి అభిమానం, తప్పులేదు. కానీ రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) కూడా రాని పిల్లాడికి ఇద్దరు గ్రాండ్‌మాస్టర్ల గేము చూపిస్తే బోర్డు మీద ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒకరి పథకాన్ని ఇంకొకరు మొలకలోనే తుంచేస్తారు. 2021లో దుబాయ్‌లో ప్రపంచ టైటిల్ కోసం కార్ల్‌సన్, నెపోమ్నిషి ఆడిన ఆరో గేము 136 ఎత్తులు సాగింది. నెపోమ్నిషి ఎక్కడ ఓడాడో చెప్పమంటే పెద్దవాళ్లమే తడుముకుంటాం.

దాని పక్కన 1858లో పారిస్ ఒపేరాలో అమెరికా మేటి ఆటగాడు మోర్ఫీ ఆడిన గేము పెట్టండి. ఎదుట అతనికి సాటిరాని ఒక డ్యూకు, ఒక కౌంటు, ఇద్దరూ కలిసి నల్లపావులతో ఆడారు. 17 ఎత్తుల్లో ముగిసింది. మూడో ఎత్తుకే నల్లవాళ్లు బిషప్‌ని జీ4 గడికి తెచ్చారు. తెల్లబంటు ఈ5లో కొట్టగానే, బంటు పోకుండా ఉండాలంటే ఆ బిషప్‌ని నైట్‌కి మార్చుకోక తప్పలేదు. ఎనిమిదో ఎత్తులో బీ7 బంటు ఊరికే దొరుకుతున్నా మోర్ఫీ ముట్టలేదు, ఇంకో నైట్‌ని బయటికి తీశాడు. ఆట అయిపోయేసరికి నల్లవాళ్ల ఎఫ్8 బిషప్, హెచ్8 రూక్ పుట్టిన గడి వదల్లేదు. "పావుల్ని బయటికి తియ్యరా" అని వందసార్లు చెప్పేకన్నా ఇది ఒక్కసారి చూపిస్తే చాలు.

అందుకే మొదట్లో నా ఓటు ఎక్కువ తక్కువల గేముకే. చిక్కల్లా పిల్లలు గెలిచినవాడి వైపే కూర్చుంటారు. మోర్ఫీ చివర్లో క్వీన్‌ని బలిచ్చి మేట్ చెయ్యడం చూసి, మర్నాడు టోర్నమెంటులో వాళ్లూ క్వీన్‌ని పారేసుకుంటారు! ఎదుటివాడు డ్యూకులా సహకరించడు మరి. కాబట్టి బోర్డు తిప్పి నల్లవైపు కూర్చోబెట్టండి. తొమ్మిదో ఎత్తులో నల్లబంటుని బీ5కి తోసేముందు ఆపి, "నువ్వైతే ఏం ఆడతావు?" అని అడగండి.

రేటింగ్ కట్టే ఎలో లెక్కలో 400 పాయింట్ల తేడా ఉంటే బలవంతుడికి గేముకు సగటున 0.91 పాయింటు రావాలి (గెలుపుకి 1, డ్రాకి అర). అంటే ఎవరు గెలుస్తారన్నది దాదాపు తెలిసిందే, ఎప్పుడు చెయ్యి జారిందన్నదే వెతకాల్సింది. సమఉజ్జీల గేములు రేటింగ్ 1600 దాటాక మొదలుపెట్టినా ఆలస్యమేం కాదు. ఈలోగా, తనకన్నా పెద్ద రేటింగ్‌వాడి చేతిలో మీవాడు ఓడిన గేము స్కోర్‌షీటు (ఎత్తులు రాసుకున్న కాగితం) ఉంటే మోర్ఫీ కన్నా ముందు అదే తియ్యండి. ఎత్తులు చెప్పే కంప్యూటర్ ఇంజిన్ మాత్రం మొదటి విడత ఆపేసి ఉంచండి.