మాట్‌ప్లాట్‌లిబ్ సమీక్ష: ఎర్రర్ రాని తప్పులతోనే తంటా

పైథాన్‌లో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌కి పైసా ఖర్చు లేదు. ‘పిప్ ఇన్‌స్టాల్’ ఒక్క లైనుతో దిగుతుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతీ మహిళా యూనివర్సిటీ, ఐఐటీ, ఐజర్‌లలో థీసిస్ రాసేవాళ్లకూ, గాదంకి రాడార్ డేటాతో కుస్తీ పట్టేవాళ్లకూ ఇంతకన్నా అక్కరకొచ్చే సాధనం అరుదు. ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. ఒక్క మార్కు ఎందుకు కోశామంటే, ఎర్రర్ వస్తే ఆ వాక్యాన్నే వెతికి బయటపడొచ్చు. ఇది కిక్కురుమనకుండా తప్పు బొమ్మ గీసిన రోజే కొంప మునుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం డేటాలో ఖాళీలతో. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి ఎంఎస్‌టీ రాడార్ (పై ఎత్తుల్లో గాలి కదలికలను కొలిచేది) 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఇలాంటి రాడార్ డేటాను సమయం అడ్డంగా, ఎత్తు నిలువుగా పెట్టి పీకలర్‌మెష్‌తో రంగుల్లో గీయడం మామూలు. రెండేసి నిమిషాలకు ఒక ప్రొఫైల్ (కింది నుంచి పైదాకా ఒక వరస కొలతలు) వస్తూ మధ్యలో 40 నిమిషాలు కొలత ఆగిందనుకోండి. అక్కడ తెల్లగా ఖాళీ కనపడాలి కదా? కనపడదు. ఆగకముందు గడినీ, మళ్లీ మొదలైన గడినీ చెరి సగం సాగదీసి ఖాళీని పూడ్చేస్తుంది. చూసేవాళ్లకు 40 నిమిషాలు గాలి కదలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. గైడ్ కూడా పోల్చుకోలేరు. గీయడానికి ముందే పాండాస్ అనే డేటా లైబ్రరీలో ‘రీశాంపిల్’తో రెండు నిమిషాల సమాన వ్యవధికి సగటు తీసుకోండి, కొలత లేని చోట నాన్ విలువలు (‘ఇక్కడ అంకె లేదు’ అన్న గుర్తు) వాటంతటవే వస్తాయి. దాని బదులు ‘రీఇండెక్స్’ వాడితే సెకన్లతో సహా సమయం సరిపోలాలి, లేకపోతే ఉన్న డేటా కూడా నాన్ అయిపోతుంది. తర్వాత కలర్‌మ్యాప్‌కి ‘సెట్_బ్యాడ్’తో బూడిద రంగు ఇస్తే ఖాళీ ఎక్కడుందో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

సమయం మాట వచ్చింది కాబట్టి టైమ్‌జోన్ సంగతి. ఏ జోనో చెప్పని సమయాన్ని ఇది యూటీసీగానే (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) తీసుకుంటుంది. యూటీసీలో నమోదైన డేటాను అలాగే గీస్తే సాయంత్రం 5 గంటలకు పడ్డ ఉరుముల వాన గ్రాఫులో ఉదయం 11:30కి పడుతుంది. ఆర్‌సీపారమ్స్ అనే సెట్టింగుల పట్టికలో టైమ్‌జోన్‌ను ‘ఏషియా/కోల్‌కతా’ చేస్తే సరి. అయితే ఫైలులో ముందే మన సమయం ఉంటే ఈ మార్పు చేయకండి, ఇంకో ఐదున్నర గంటలు కలిసి వాన రాత్రి 10:30కి పోతుంది.

వర్షపాతం ఫైళ్లలో ఇంకో చిక్కు. వేల అంకెల మధ్య ఒక్క గడిలో ‘ట్రేస్’ (కొలవలేనంత కొద్ది వాన) అనో రెండు అడ్డగీతలో ఉంటే చాలు, పాండాస్ ఆ నిలువు వరస మొత్తాన్నీ అక్షరాలుగా చదువుతుంది. మాట్‌ప్లాట్‌లిబ్ వాటిని పేర్లనుకుని, వచ్చిన వరసలోనే అక్షం మీద పేరుస్తుంది. 12.4 పైన 0, దాని పైన 110, దాని పైన 3.6. వేల లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడి అక్షం నల్లగా మాడిపోతుంది, ప్రోగ్రామ్ నత్తలా సాగుతుంది. అక్షం నల్లబడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ వరస డీటైప్ (డేటా రకం) చూడండి, ఫ్లోట్ (దశాంశ అంకె) అని రాకుండా ఆబ్జెక్ట్ అనో స్ట్రింగ్ అనో వస్తే ‘టు_న్యూమరిక్’ని ఎర్రర్స్ ‘కోయెర్స్’తో పిలవండి, అంకె కానిది నాన్ అయి మిగతావి అంకెలవుతాయి.

పీడనం గీసినప్పుడు విలువలు 1004.2 నుంచి 1004.9 మధ్య ఉంటే అక్షం మీద 0.2, 0.3 అని వచ్చి, పైమూల చిన్న అక్షరాల్లో +1.004ఇ3 అని, అంటే 1004 కలుపుకోమని, ఉంటుంది. అది తప్పు కాదు, కానీ ఎవరూ చదవరు. ‘టిక్‌లేబుల్_ఫార్మాట్’లో యూజ్‌ఆఫ్‌సెట్‌ను ఫాల్స్ చేస్తే అసలు విలువలే వస్తాయి.

సేవ్ చేసిన బొమ్మ తెల్లకాగితంలా ఖాళీగా రావడం ఇంకో సమస్య. దానికి మూలం మాట్‌ప్లాట్‌లిబ్ పుట్టుకలోనే ఉంది. న్యూరోబయాలజిస్టు జాన్ హంటర్ 2003లో దీన్ని విడుదల చేసినప్పుడు మాట్‌ల్యాబ్ అలవాటున్నవాళ్లకు చేయి తిరిగేలా పైప్లాట్ పద్ధతి పెట్టారు. అందులో ప్రతి ఆజ్ఞా ‘ఇప్పుడున్న ఫిగర్’కే వెళ్తుంది. ‘షో’ తర్వాత కిటికీ మూసేస్తే ఆ ఫిగర్ పోతుంది, ఆపైన రాసిన ‘సేవ్‌ఫిగ్’ కొత్త ఖాళీ ఫిగర్ తెరిచి దాన్నే భద్రంగా దాస్తుంది. సేవ్ ముందు, షో తర్వాత అన్నది చిట్కా మాత్రమే. ‘సబ్‌ప్లాట్స్’తో ఫిగర్, యాక్సిస్ రెంటినీ పేరు పెట్టి పట్టుకుని, ఆ ఫిగర్‌నే సేవ్ చేయడం అసలు మందు. లూపులో రోజుకొక గ్రాఫు గీసేవాళ్లు ప్రతిసారీ ఫిగర్‌ను క్లోజ్ చేయాలి. 20 దాటితే హెచ్చరిక వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే మెమరీ నిండుతుంది.

ల్యాబ్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి వెళ్లి నడిపితే తెర లేదు కాబట్టి డిస్‌ప్లే ఎర్రర్ రావచ్చు. బొమ్మ గీసే బ్యాకెండ్‌ను తెర అక్కర్లేని ‘ఆగ్’ అని పెట్టి ఫైలుగా సేవ్ చేసుకోండి. అంకెల లైబ్రరీ నమ్‌పై 1 కోసం కంపైల్ చేసినది నమ్‌పై 2లో నడవదని తిట్టు వస్తే మాట్‌ప్లాట్‌లిబ్‌ను అప్‌గ్రేడ్ చేయాలి. సొంత ఫైలుకి మాట్‌ప్లాట్‌లిబ్ అని పేరు పెడితే పైథాన్ అసలు లైబ్రరీ బదులు ఆ ఫైలునే తెరుస్తుంది, దానికి వేరే మందు లేదు, పేరు మార్చడమే.

గ్రీకు అక్షరాల్లో థీటా రావాల్సిన చోట ‘హీటా’ అని వస్తే, బ్యాక్‌స్లాష్ పక్కన ఉన్న ‘టి’ని పైథాన్ ట్యాబ్‌గా మింగేసిందని అర్థం. ‘న్యూ’, ‘రో’లకూ ఇదే గతి. కొటేషన్ ముందు ‘ఆర్’ అక్షరం పెట్టండి.

ఇక తెలుగు లేబుళ్లు. ఇక్కడ మార్కులు ఇంకా కోయాలనిపిస్తుంది. ‘తిరుపతి’ అని రాయగానే ‘గ్లిఫ్ 3108’ లేదన్న హెచ్చరికతో డబ్బాలు వస్తాయి. 3108 అంటే యూనికోడ్‌లో ‘త’. డిఫాల్ట్‌గా ఉన్న డేజావు శాన్స్‌లో తెలుగు లేదు. నోటో శాన్స్ తెలుగు ఫైలును ఫాంట్ మేనేజర్‌లో ‘యాడ్‌ఫాంట్’తో చేర్చి, ఫాంట్ ఫ్యామిలీలో డేజావు పక్కన దాని పేరు రాస్తే డబ్బాలు పోతాయి. ఒకటి తర్వాత ఒకటిగా ఫాంట్లు వెతకడం మాట్‌ప్లాట్‌లిబ్ 3.6 వెర్షన్ నుంచి ఉంది. కానీ అక్షరాలు కుదురుకోవు. ‘చిత్తూరు’లో రెండు ‘త’లూ పక్కపక్కనే నిలబడి మధ్యలో పొల్లు వేలాడుతుంది. ‘శ్రీకాళహస్తి’ని చూడకపోవడమే మేలు. గుడి, కొమ్ము, వత్తు ఎక్కడ చేరాలో లెక్కగట్టే పని 3.10 దాకా వచ్చిన విడుదలలు చేయవు. ఎంత మంచి ఫాంట్ పెట్టినా అంతే. దారి ఒకటుంది. ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ ‘నన్’ అని పెట్టి ఎస్‌వీజీగా సేవ్ చేస్తే అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి. ఆ ఫైలును ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరిస్తే అది వత్తులు సరిగ్గా కూర్చుతుంది, అక్కడి నుంచి పీడీఎఫ్ తీసుకోవచ్చు. ఆ కంప్యూటర్‌లో కూడా ఫాంట్ ఉండాలి మరి.

థీసిస్ కాపీలు జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయిస్తారు కాబట్టి రంగుల మాట కూడా చూసుకోవాలి. పాత ‘జెట్’ కలర్‌మ్యాప్‌లో నీలం కొసా ఎరుపు కొసా రెండూ ముదురు బూడిద అయిపోతాయి, ఎక్కువేదో తక్కువేదో తేలదు. 2017లో వచ్చిన 2.0 నుంచి డిఫాల్ట్ అయిన ‘విరిడిస్’ చీకటి నుంచి వెలుగుకి వరసగా పోతుంది, జిరాక్స్‌లోనూ నిలుస్తుంది. ఇంకా జెట్ పట్టుకుని వేలాడేవాళ్లది మొండితనమే.

జర్నల్‌కి పంపేటప్పుడు డిఫాల్ట్ 6.4 బై 4.8 అంగుళాల బొమ్మను కుదించి అతికించకండి, అక్షరాలు చీమలవుతాయి. కాలమ్ వెడల్పు 3.5 అంగుళాలైతే మొదటే ఫిగ్‌సైజ్ అంత పెట్టి, అక్షరాలు 8 పాయింట్లు చేసి, 300 డీపీఐతో తీయండి. ‘బీబాక్స్_ఇంచెస్ టైట్’ వాడితే అంచులు కత్తిరించి ఆ 3.5ను మార్చేస్తుంది, కాబట్టి దాని బదులు ‘కన్‌స్ట్రెయిన్డ్’ లేఅవుట్. లక్ష చుక్కల స్కాటర్ ఉంటే ఆ ఒక్క పొరకి ‘రాస్టరైజ్డ్’ ట్రూ పెట్టండి, ఆ పొర ఫొటోలాంటి బొమ్మగా మారి పీడీఎఫ్ ఉబ్బదు. టైప్ 3 ఫాంట్లున్నాయని పేపర్ వెనక్కొస్తే పీడీఎఫ్ ఫాంట్‌టైప్‌ను 3 నుంచి 42కి మార్చి మళ్లీ సేవ్ చేస్తే చాలు.