నల్గొండ వైపు తాగడానికి ఏ నీళ్లు మేలు: బోరా, క్యానా, నల్లానా?

దసరాకి ఊరెళ్లినప్పుడు అమ్మావాళ్లకి క్యాన్ మాన్పించి నల్లా నీళ్లు పట్టించానని చెప్పిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న, "అన్నా, క్యాన్ కంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు మంచివా?" అని. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

బోరు సంగతి మనకి కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర పోయినవాళ్లని చూస్తూనే పెరిగాం. తాగడానికే కాదు, వంటకీ వద్దు. కాచినా లాభం లేదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. "మా బోరు తియ్యగా ఉంటది" అనేవాళ్లకి ఒక మాట: ఫ్లోరైడ్‌కి రుచీ లేదు, వాసనా లేదు. పైగా కాల్షియం తక్కువుండి పప్పు బాగా ఉడికే నీళ్లలోనే అది ఎక్కువ కరుగుతుంది.

అసలు పోటీ క్యాన్‌కీ నల్లాకీ. క్యాన్లు నింపే ఆర్వో ప్లాంటులో నీళ్లు ఎలా ఉన్నాయని అడిగితే టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచి చూపిస్తారు. మా దగ్గర ఒకరోజు 60, ఇంకోరోజు 310. ఇదేంటని అడిగితే, రుచి కోసం కొంచెం బోరు నీళ్లు కలుపుతామన్నాడు ప్లాంటతను! ఆ కలిపినదాంట్లో ఫ్లోరైడ్ ఎంతో ఆ మీటరు చెప్పదు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అంత చిన్న తేడా 310లో ఎక్కడ కనబడుతుంది? ప్లాంటులో నీళ్లు వడగట్టే పొర, అదే మెంబ్రేన్, కొత్తదైతే ఫ్లోరైడ్‌ని బాగానే ఆపుతుంది, కాదనను, కానీ అది ఎప్పుడు మార్చారో మనకెవరు చెప్తారు?

నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లు. ఫ్లోరైడ్‌ని తీసెయ్యడం కాదు, ఆ బెడద ఉన్న భూగర్భ జలమే కాదది. నా లెక్కలో తేల్చేది ఇదే. బ్లీచింగ్ వాసన ఉంటుంది, బిందె మూత తీసి కాసేపు ఉంచితే తగ్గుతుంది. పైపు పగిలితే మాత్రం మట్టి నీళ్లొస్తాయి, కాచి తాగాలి, లేదా ఆ రెండ్రోజులూ క్యానే తెప్పించుకోండి, అంతేగానీ మళ్లీ బోరు దగ్గరికి పోవద్దు.

ఇంట్లో ఆర్వో? కృష్ణా నీళ్లకి దండగ. ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు గానీ రోజూ ఇంట్లో చేసే ఓపిక ఎవరికుంది.

అనుమానముంటే ల్యాబుకి పంపండి, "ఫ్లోరైడ్" అని పేరు పెట్టి అడగండి. గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ బాటిల్లో పట్టుకెళ్లండి.