పొరుగింటి విందు: ఇథియోపియా ఇంజెరా, మొరాకో తాజీన్

దేశదేశాలు తిరిగివచ్చిన మా పొరుగింటి దంపతులు రాత్రి భోజనానికి పిలిచి, తాము చూసిన ఊళ్ల వంటలనే వడ్డించారు. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని రోజుల తరబడి పులియబెట్టి, ఒకవైపు మాత్రమే కాల్చిన ఇంజెరా మన అట్టులా కనిపించినా, దాని పులుపు మరింత గాఢం. దానిమీదే వడ్డించిన మసూర్ పప్పు కూర, అందులోని బెర్బెరె మసాలా ఘాటుతో, గుంటూరు కారానికి అలవాటుపడిన నాలుకను సైతం మెప్పించింది. అందరూ ఒకే పళ్లెంలో తినడం ఇథియోపియా మర్యాద. ఎంగిలి అని మా అత్తగారు వెనుకాడగా, ఇంటావిడ గ్రహించి ఆమెకు విడిగా వడ్డించారు. శంకువు ఆకారపు మూత ఆవిరిని తిరిగి కూరలోకే దించే మట్టిపాత్రలో వండిన మొరాకో కోడి తాజీన్ మెత్తగా ఉడికింది గానీ, ఉప్పులో ఊరిన నిమ్మకాయ ముక్కలు ఎక్కువై చేదు తగిలింది. ప్రయాణపు ఫొటోల ప్రదర్శనను సగానికి తగ్గించి ఉంటే, పుదీనా టీని వేడిగా తాగగలిగేవాళ్లం.