‘వైన్‌లో పనిచేస్తుంది’ అన్న ఒక్క లైను నమ్మి లైసెన్స్ కొనకండి

లైనక్స్ వాడుతూ, ఏదో ఒక పని కోసం విండోస్ సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వైన్ అంటే విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్. నేను కొన్నది ఎంబ్రాయిడరీ మెషిన్‌కి డిజైన్లు తయారుచేసే ప్రోగ్రామ్. కంపెనీ పేరు రాయడం లేదు. అమ్మకం పేజీలో ‘విండోస్ 10, 11’ అని పెద్దగా, దాని కింద చిన్న అక్షరాల్లో ‘వైన్ ద్వారా లైనక్స్‌లోనూ పనిచేస్తుంది’ అని ఉంది. ఆ చిన్న లైను చూసే కొన్నాను. మూడు యాక్టివేషన్లు ఇచ్చారు, అంటే లైసెన్స్ కీని మూడు కంప్యూటర్లలో వాడుకోవచ్చు. మూడూ నా ఒక్క కంప్యూటర్‌లోనే అయిపోయాయి.

కొనేముందు ట్రయల్ వేసి చూశాను, అక్కడ తప్పు చేయలేదు. ట్రయల్ చక్కగా తెరుచుకుంది, గీతలు గీశాను, రంగులు మార్చాను. కానీ వాళ్లు ట్రయల్‌గా ఇచ్చింది పాత వెర్షన్. అది పూర్తిగా 32 బిట్. డబ్బు కట్టాక దిగిన కొత్త వెర్షన్ 64 బిట్, దాని లైబ్రరీలు (ప్రోగ్రామ్ నడవడానికి పిలుచుకునే కోడ్ ఫైళ్లు) వేరు, లైసెన్స్ చూసే భాగం కూడా వేరు. పేరొక్కటే గానీ లోపలున్నది ఇంకో ప్రోగ్రామ్. ట్రయల్ వెర్షన్ నంబర్, అమ్ముతున్న వెర్షన్ నంబర్ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు నాకు.

ఇన్‌స్టాల్ అయితే అయింది. ఐకాన్ మీద నొక్కితే ఏమీ రాలేదు, కనీసం ఎర్రర్ కూడా లేదు. టెర్మినల్ నుంచి నడిపితే అసలు సంగతి బయటపడింది: ‘ఎంఎఫ్‌సీ140యూ డీఎల్ఎల్’ అనే లైబ్రరీ ఫైలు దొరకలేదు. విండోస్ ప్రోగ్రామ్‌లు పిలిచే లైబ్రరీలను వైన్ వాళ్లు 1993 నుంచి సొంతంగా రాసుకుంటూ వస్తున్నారు, చాలావరకు అందులోనే ఉంటాయి. ఎంఎఫ్‌సీ అనే ఈ మైక్రోసాఫ్ట్ లైబ్రరీ మాత్రం అందులో రాదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్‌ప్లస్ రన్‌టైమ్ ప్యాకేజీతో వస్తుంది, దాన్ని విడిగా వేసుకోవాలి. ఈ విషయం నాకు అప్పటికి తెలియదు.

తెలియక చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. డీఎల్ఎల్ ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే ఒక సైటులోంచి ఆ ఫైలు దించి సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేశాను. వెంటనే ఇంకో ఎర్రర్, సీ000007బీ. అంటే 64 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ లైబ్రరీ తగిలిందన్నమాట. ఫోల్డర్ పేర్లు కూడా మోసం చేస్తాయి: 64 బిట్ ప్రిఫిక్స్‌లో (వైన్ తన విండోస్ ఫైళ్లు, సెట్టింగులు ఉంచే ఫోల్డర్‌ని ప్రిఫిక్స్ అంటారు) సిస్టమ్32 లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64 లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. వైన్ తప్పేం కాదు, విండోస్‌లోనే అంత. ఆ సైట్లలో ఫైలు పేరుతో వైరస్ కూడా రావచ్చు కాబట్టి ఆ దారే వద్దు. ఆ ప్రిఫిక్స్ తీసేసి కొత్తది చేసి, ఇలాంటి విండోస్ భాగాలను వైన్‌లో వేసిపెట్టే వైన్‌ట్రిక్స్‌తో అసలు రన్‌టైమ్ వేస్తే ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఆనందంలో వెంటనే లైసెన్స్ కీ కొట్టాను. ఒకటో యాక్టివేషన్.

డిజైన్ గీయడం వరకు బాగానే ఉంది. మెషిన్ చదివే ఫైలుగా మార్చమంటే మాత్రం మూసుకుపోయేది. మళ్లీ టెర్మినల్ చూస్తే, ఆ మార్పిడి పని చేసేది ఇంకో చిన్న ప్రోగ్రామ్, అది ఇంకా 32 బిట్. నా దగ్గర ఉన్న వైన్ 64 బిట్ మాత్రమే. ట్రయల్‌కి వాడింది పాత ల్యాప్‌టాప్ అని అప్పుడు గుర్తొచ్చింది, అందులో 32, 64 బిట్ రెండూ ఉన్నాయి. డెబియన్ తరహా సిస్టమ్‌లలో ‘వైన్32 లేదు’ అని ముందే హెచ్చరిక వస్తుంది, నేను చదవకుండా దాటేశాను. ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్ కలిపి, వైన్32 వేసి, పాత ప్రిఫిక్స్‌లో 32 బిట్ భాగం లేదు కదా అని దాన్ని తీసేసి కొత్తది చేశాను. రెండో యాక్టివేషన్.

ఇప్పుడు ఫైలు మారుతోంది గానీ దారపు రంగుల పట్టిక ప్రింట్ తీస్తే తెల్ల కాగితం వస్తోంది. ఆ భాగం మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌తో రాసింది. డాట్‌నెట్‌కి బదులుగా వైన్‌తో పాటు వచ్చే మోనో దానికి సరిపోలేదని, అసలు డాట్‌నెట్ 4.8 వేద్దామని మొదలుపెట్టాను. వైన్‌ట్రిక్స్ ముందు మోనోని తీసేసి, ఆ తర్వాత డాట్‌నెట్ వేస్తుంది. మధ్యలో ఆగిపోయిందనుకోండి, అదీ ఉండదు ఇదీ ఉండదు. నాకు అదే జరిగింది. ఇంకో కొత్త ప్రిఫిక్స్, మూడో యాక్టివేషన్. ఈసారి ప్రింట్ కూడా వచ్చింది. రెండు వారాల తర్వాత వైన్ అప్‌డేట్ అయ్యాక ఏదో తేడా చేసింది. అలవాటు ప్రకారం ప్రిఫిక్స్ తీసేసి మళ్లీ మొదలుపెడితే, ‘అనుమతించిన కంప్యూటర్ల సంఖ్య దాటింది’ అన్నది.

నాకు అస్సలు తట్టనిది ఇదే. ప్రతి కొత్త ప్రిఫిక్స్‌లో ‘మెషిన్‌గైడ్’ అనే గుర్తింపు సంఖ్య రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) కొత్తగా పుడుతుంది. ఈ ప్రోగ్రామ్ కంప్యూటర్‌ని గుర్తుపట్టేది ఆ సంఖ్యతోనేనని వాళ్ల సపోర్ట్‌వాళ్లే తర్వాత చెప్పారు. నా దృష్టిలో ఒకే కంప్యూటర్, వాళ్ల సర్వర్ దృష్టిలో నాలుగు. లైనక్స్‌లో ఏ సమస్యకైనా అందరూ చెప్పే మొదటి సలహా ‘కొత్త ప్రిఫిక్స్‌లో ప్రయత్నించు’ అనే. మంచి సలహానే. కానీ లెక్కపెట్టి యాక్టివేషన్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ విషయంలో అది మనం కూర్చున్న కొమ్మని మనమే నరుక్కోవడం.

రీఫండ్ అడిగాను. యాక్టివేట్ చేసిన లైసెన్స్‌కి డబ్బు వెనక్కి ఇవ్వరట, ఆ మాట షరతుల్లో ఉందట. ఉంది, చూశాను. మరి లైనక్స్‌లో పనిచేస్తుందని రాశారు కదా, ఏ వైన్ వెర్షన్‌లో చూశారు అంటే, ‘ఒక కస్టమర్ చెప్పారు’ అన్నారు. ఆ కస్టమర్ నడిపింది పాత 32 బిట్ వెర్షన్. నాలుగు ఈమెయిళ్ల తర్వాత ఒక్క యాక్టివేషన్ మాత్రం తిరిగి ఇచ్చారు, ఇదే చివరిది అని చెప్పి మరీ.

కాబట్టి కొనేవాళ్లు ముందు ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. ఏ వైన్ వెర్షన్‌లో, మీ సాఫ్ట్‌వేర్ ఏ బిల్డ్‌తో పరీక్షించారు? ట్రయల్, అమ్మేది ఒకటేనా? నేనే యాక్టివేషన్ వెనక్కి తీసుకునే బటన్ ఉందా? ఈ బటన్ ఉంటే నా బాధలో సగం ఉండేది కాదు. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ కోసం కంప్యూటర్‌కి గుచ్చే చిన్న పరికరం) ఉందంటే మాత్రం ఇంకేమీ అడగక్కర్లేదు, కొనకండి. డాంగిల్ డ్రైవర్‌కి విండోస్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) కావాలి, వైన్ దగ్గర అది లేదు. నా మెషిన్‌కి నేరుగా కేబుల్ పెట్టి డిజైన్ పంపే సదుపాయం కూడా ఇదే కారణంతో ఇప్పటికీ పనిచేయదు, పెన్‌డ్రైవ్‌తో లాక్కొస్తున్నాను. వైన్ వాళ్ల అప్లికేషన్ డేటాబేస్‌లో గోల్డ్, ప్లాటినం అని రేటింగులు కనిపిస్తాయి. ఆ పరీక్ష ఏ వెర్షన్ మీద, ఏ సంవత్సరం చేశారో చూడకుండా వాటినీ నమ్మకండి.

ఇక కొనేశాను, చేతిలో ఉంది అంటారా, కీ కొట్టకుండా ఎంతవరకు పనిచేస్తుందో అంతవరకు అన్నీ నడిపి చూడండి. ఏ లైబ్రరీ లోపించిందో టెర్మినల్ చెబుతుంది. ఫైలు మార్పిడి, ప్రింట్, ఫాంట్లు అన్నీ సరిపోయాకే యాక్టివేట్ చేయండి. ఆ తర్వాత ఏ ప్రయోగం చేసినా ముందు ప్రిఫిక్స్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. ఆ గుర్తింపు సంఖ్య ఫోల్డర్‌తో పాటే వెళ్తుంది కాబట్టి, పాడైతే కాపీని వెనక్కి పెట్టుకుంటే చాలు, యాక్టివేషన్ ఖర్చు కాదు. నేను రెండు డిస్కుల్లో దాచాను, వైన్ అప్‌డేట్ కూడా ఆపేశాను. సాఫ్ట్‌వేర్ మాత్రం, నిజం చెప్పాలంటే, నడిచినప్పుడు బాగుంటుంది.