తీగ పనా, రాయి పనా? చేతితో వెండి నగలు చేసి అమ్మేవారికి ఏది మేలు

చేతితో వెండి నగలు చేసి అమ్ముకుని బతకాలనుకునేవారికి తెలుగు నేల మీద ప్రధానంగా రెండు పనులు అందుబాటులో ఉన్నాయి. ఒకటి, దారమంత సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, చట్రంలో నింపి అతికే ఫిలిగ్రీ. కరీంనగర్‌కు దేశమంతటా పేరు తెచ్చిన తీగ పని ఇదే. రెండోది, వెండి రేకు మీద గూడు కట్టి అందులో రాయిని పొదిగే పని. దీనికి రాళ్లు ఎక్కువగా జైపూర్ నుంచి వస్తాయి, కానీ నగను కట్టే పని హైదరాబాదులోనో, విజయవాడలోనో, ఇంట్లోని ఒక బల్ల మీదనో జరగవచ్చు. వీటిలో ఏది అందమైనదన్న చర్చకు అంతం లేదు. ఏది గిట్టుబాటవుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు వెదకవచ్చు, ఆ జవాబు నా లెక్కలో పనితనం కన్నా మన బజారు వెండిని తూకం వేసి అమ్మే అలవాటు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ముందు తీగ పని సంగతి చూద్దాం. వెండి కడ్డీని కమ్మచ్చు అనే ఉక్కు పలకలోని రంధ్రాల గుండా ఒకదాని తరువాత ఒకటిగా లాగుతూ, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ, కావలసినంత సన్నగా తెస్తారు. అలాంటి రెండు తీగలను కలిపి మెలిపెట్టి, రోలరులో నొక్కి బల్లపరుపుగా చేస్తే అంచున గింజలు పేర్చినట్టు సన్నని పలువరుస కనిపిస్తుంది. ఫిలిగ్రీకి ఆ మెరుపు అక్కడి నుంచే వస్తుంది. కాస్త మందమైన పట్టీతో ఆకు, పువ్వు, నెమలి ఆకారంలో చట్రం కట్టి, లోపల ఈ తీగను పటకారుతో వంచి నింపుతారు. తరువాత వెలిగారం, అతుకు లోహమైన టంకం పొడి చల్లి మంట చూపిస్తారు. అసలు పరీక్ష ఇక్కడే. సన్నని తీగ చట్రం కన్నా ముందే వేడెక్కుతుంది కనుక, టంకం పారిన క్షణానికీ తీగ కరిగిపోయే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధిని చేతికి తెలిసేలా నేర్చుకోవాలి. దీనికి ఏళ్లు పడుతుంది, పుస్తకం చదివినంత మాత్రాన రాదు. ఎలగందులలో పుట్టి కరీంనగర్ చేరిన ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీనికి తోబుట్టువు లాంటి ఒడిశాలోని కటక్ తారకసికి 2024లో దక్కింది. కరీంనగర్ కళాకారులు నగల కన్నా అత్తరుదానులు, పెట్టెలు, పళ్లేల వంటి వస్తువులతోనే ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. అది యాదృచ్ఛికం కాదని నా అనుమానం. కారణం తూకం దగ్గర తేలుతుంది.

రాయి పొదిగే పనిలో తొలి మెట్టు అంత నిటారుగా ఉండదు. అడుగు భాగం నున్నగా, పైభాగం గుమ్మటంలా సానపట్టిన రాళ్లను వ్యాపారులు క్యాబొషాన్ అంటారు. అలాంటి రాయి చుట్టూ సన్నని వెండి పట్టీ కట్టి, దాన్ని రేకుకు అతికి, రాయిని కూర్చి, పట్టీ అంచును రాయి మీదికి ఒత్తుతారు. పట్టీకి మెత్తగా వంగే 999 వెండి (దాదాపు స్వచ్ఛమైనది), కింది రేకుకు గట్టిగా నిలిచే 925 వెండి (92.5 శాతం వెండి ఉన్నది) వాడడం మంచి పద్ధతి. కొన్ని నెలల శ్రద్ధతో ఒక మనిషి అమ్మదగిన లాకెట్టు చేయగలుగుతాడు. పలకలు తీర్చిన రాయిని నాలుగు కొక్కేలతో పట్టించడం దీనికి పై మెట్టు. అయితే ఈ పనికి ఒక కఠినమైన క్రమం ఉంది: మంట పని అంతా ముగిశాకే రాయి గూట్లోకి దిగాలి. ఫిరోజా, ఓపల్, ముత్యం, పగడం మంటను తట్టుకోలేవు. కాబట్టి రాయి కూర్చిన తరువాత ఏ అతుకో విడిపోయిందని తెలిస్తే, గూడు విప్పి రాయి తీయక తప్పదు. పైగా 925 వెండిలో మిగిలిన 7.5 శాతం చాలావరకు రాగి కావడంతో, కాల్చినప్పుడు ఆ రాగి ఆక్సీకరణ చెంది ఊదారంగు మచ్చలు తేలుతాయి, వాటిని రుద్ది తీయడానికే సగం ఓపిక ఖర్చవుతుంది. దాదాపు స్వచ్ఛమైన వెండితో పనిచేసే ఫిలిగ్రీ కళాకారుడికి ఈ బాధ చాలా తక్కువ.

ఇప్పుడు తూకం దగ్గరికి వద్దాం. మన కొనుగోలుదారు వెండి దుకాణంలో మొదట అడిగేది గ్రాము ధర, తరువాత అడిగేది తరుగు, మజూరీ ఎంత అని. లెక్క సులువు కోసం గ్రాము వెండి వంద రూపాయలనుకుందాం. 2025లోనే ధర ఆ గీత దాటి ఇంకా పైకి పోయింది. ఆరు గ్రాముల ఫిలిగ్రీ జుంకాలకు వెండి విలువ ఆరు వందలు. వాటి వెనుక రెండు రోజుల పని ఉందనుకుంటే, వెండి విలువకు సమానంగా మజూరీ వేసినా రోజుకు మూడు వందలే చేతికి వస్తాయి. ఆ కాస్త మజూరీకే కొనేవారు ‘వందకు వంద మజూరీనా?’ అని బెదిరిపోతారు. అంటే తీగ ఎంత సన్నగా లాగితే పనితనం అంత గొప్పది, నగ అంత తేలిక, కాబట్టి తూకం ప్రకారం కూలి అంత తక్కువ. నైపుణ్యం పెరిగేకొద్దీ రాబడి తగ్గే ఈ విపరీతం మరే చేతిపనిలోనూ ఇంత స్పష్టంగా కనిపించదు. తూకంతో పోల్చి చూసే అలవాటు అంతగా లేని అత్తరుదాని, జ్ఞాపిక, బహుమతి పెట్టె వంటి వస్తువుల వైపు కరీంనగర్ పని మొగ్గడానికి ఇది ఒక కారణమై ఉంటుందని నేను అనుకుంటాను.

రాయి పొదిగిన నగకు ఈ ఉచ్చు నుంచి తప్పించుకునే వీలుంది. లాపిస్ లాజులి అనే నీలి రాయి లాకెట్టును ఎవరూ గ్రాముల్లో కొనరు, నగకు ఇంత అని ధర చెబితే వింటారు. రాయి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉండడం వల్ల పక్క దుకాణంలోని ధరతో నేరుగా పోల్చడం కుదరదు. అయితే అదే స్వేచ్ఛ మోసానికీ దారి తీసింది. రాయి బరువును, గూడు కింద నింపిన లక్క బరువును వెండి లెక్కలో కలిపి అమ్మడం మన బజారులో కొత్త విషయం కాదు, అందుకే రాళ్ల నగ అనగానే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. వెండి ధర ఎక్కిన కాలంలో ఇంకొక తేడా కూడా గమనించాలి. మందమైన గూడు, గట్టి అడుగు రేకు కావలసిన రాళ్ల నగలు పది తయారు చేసి అమ్ముడుపోకుండా ఉంచుకుంటే చాలా పెట్టుబడి వెండి రూపంలో ఇరుక్కుంటుంది. ఫిలిగ్రీలో చిక్కుకునేది డబ్బు కన్నా సమయం. డబ్బు తక్కువగా, తీరిక ఎక్కువగా ఉన్నవారికి ఈ ఒక్క విషయంలో తీగ పనే మేలు.

నమ్మకం విషయానికి వస్తే త్రాసు తీగ పని వైపు బలంగా మొగ్గుతుంది. ఫిలిగ్రీలో దాచడానికి దాదాపు ఏమీ లేదు, వెలుగు అటు నుంచి ఇటు కనిపించే నగ అది. రాయి విషయంలో అమ్మేవారికే తెలియని సంగతులు ఎన్నో ఉంటాయి. హౌలైట్ అనే తెల్లని రాయికి నీలి రంగు పట్టించి ఫిరోజాగా, పాల రంగు గాజును చంద్రకాంత శిలగా, రంగు వేసిన రాయిని లాపిస్‌గా అమ్మడం దేశదేశాల బజార్లలో మామూలే. అసలైన ఫిరోజాలో కూడా చాలావరకు రెసిన్ ఎక్కించి గట్టిపరచినదే, పచ్చలకు నూనె పట్టించడం అందరూ ఒప్పుకున్న పద్ధతే. వీటిలో తప్పు, చేసిన పనిలో కన్నా చెప్పకపోవడంలో ఉంది. ఖరీదైన రాయిని జైపూర్‌లోని రత్న పరీక్షా కేంద్రం వంటి చోట పరీక్ష చేయించవచ్చు గాని, కొన్ని వందల రూపాయల రాయికి ఆ ఖర్చు గిట్టదు. కాబట్టి చిన్న తయారీదారు తనకు గుర్తుపట్టడం వచ్చిన నాలుగైదు రకాలకే పరిమితం కావడం క్షేమం. నా మాట అడిగితే గార్నెట్‌తో మొదలుపెట్టమంటాను. ధర అందుబాటులో ఉంటుంది, గార్నెట్‌కు సాధారణంగా రంగు వేయవలసిన అవసరం ఉండదు, మన గోమేధికం కూడా ఆ కుటుంబంలోనిదే. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్లు ప్రాచీన కాలంలో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పూసల దాకా ప్రయాణించి ఉంటాయని పరిశోధకులు రసాయన పోలికలతో చూపించారు కూడా. జాతకం చూసి రాయి ధరించేవారి బేరం మాత్రం వేరే లోకం. అక్కడ దోషం లేని రాయి కావాలంటారు, క్యారెట్ల లెక్క అడుగుతారు, ఫలితం రాకపోతే తిరిగి వస్తారు. కొత్తవారు అటు వెళ్లకపోవడమే మంచిది.

నగ ఇంటికి వెళ్లాక ఎలా నిలుస్తుందన్నది ఇంకొక అంశం. గాలిలోని దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, మోస్ కొలతలో వాటి గట్టిదనం 7. అంతకన్నా మెత్తనైన లాపిస్, ఫిరోజా, చంద్రకాంత శిల రోజూ చేతికి ఉండే ఉంగరంలో ఉంటే కాలక్రమంలో గీతలు పడి మసకబారతాయి. అవే చెవి దిద్దుల్లో, లాకెట్టులో ఎక్కువ కాలం నిలుస్తాయి. ఫిలిగ్రీకి గీతల బాధ లేదు, కానీ అది చీర కొంగుకూ జుట్టుకూ తగులుకుంటుంది, బరువు పడితే నలుగుతుంది, గాజులకూ ఉంగరాలకూ అంతగా పనికిరాదు. శుభ్రం చేయడంలో ఈ రెండింటి అవసరాలు ఎదురెదురు. నల్లబడిన తీగ పనిని గుడ్డతో రుద్దలేము. వేడి నీళ్లలో వంట సోడా కలిపి, అల్యూమినియం రేకును తాకేలా ఉంచితే నల్లదనానికి కారణమైన సిల్వర్ సల్ఫైడ్ తిరిగి వెండిగా మారుతుంది, ఒక్క తీగ కూడా కదలదు. ఫిరోజా, ముత్యం ఉన్న నగకు ఇదే వైద్యం చేస్తే రాయి పాడవుతుంది. దాన్ని పొడి గుడ్డతో నెమ్మదిగా తుడవడమే మార్గం. ఈ మాట కాగితం మీద రాసి నగతో పాటు ఇచ్చే తయారీదారుకు మరమ్మతులు తగ్గుతాయి.

హాల్‌మార్క్ గురించి క్లుప్తంగా చెబుతాను. బంగారానికి లాగా వెండికి అది తప్పనిసరి కాదు, స్వచ్ఛందమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి వస్తువులకు కూడా హెచ్‌యూఐడీ (ఒక్కో వస్తువుకు విడిగా ఇచ్చే గుర్తింపు) సంఖ్యతో ముద్ర వేయించుకునే వీలు వచ్చింది. రేకుతో కట్టిన రాళ్ల నగకు 925 ముద్ర వేయించడం తేలిక. ఫిలిగ్రీలో తీగ ఎంత స్వచ్ఛమైనదైనా, వందల అతుకుల్లో చేరిన టంకం కలిసి మొత్తం మీద వెండి శాతం తగ్గుతుంది కనుక, ముద్ర కావాలనుకుంటే టంకంలో వెండి పాలును ముందే జాగ్రత్తగా చూసుకోవాలి. బ్రిటన్‌లోని తెలుగువారికి అమ్మేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అక్కడ 7.78 గ్రాములు దాటిన వెండి వస్తువుకు హాల్‌మార్క్ లేకుండా వెండి అని చెప్పి అమ్మరాదు. తేలికైన తీగ జుంకాలు ఆ గీతకు కిందనే ఉండవచ్చు, గట్టి రాళ్ల లాకెట్టు సులభంగా దాటుతుంది. జర్మన్ సిల్వర్ మాటకొస్తే, అందులో రాగి, నికెల్, జింకు తప్ప వెండి లేదు, కాబట్టి ఈ పోలికలో దానికి చోటు లేదు.

అమ్మకం చోటు కూడా పనిని బట్టి మారుతుంది. కరీంనగర్ పేరుతో చేసే పనికి గోల్కొండ వంటి ప్రభుత్వ హస్తకళల దుకాణాల తలుపు తెరిచి ఉంటుంది. అయితే భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును అధీకృత వినియోగదారుగా నమోదైనవారే వాడాలి. వైజాగ్‌లో కూర్చుని చేసిన తీగ దిద్దులకు ఆ పేరు పెట్టడం కుదరదు. రాళ్ల నగకు అలాంటి పేరూ లేదు, పరిమితీ లేదు. శిల్పారామం వంటి చోట ప్రదర్శనలో కొనేవారు రాయిని వెలుతురులో తిప్పి చూసుకుంటారు, కొలత మార్చమంటారు, ఇంకొక రాయితో చేయమని అడిగి బయానా ఇచ్చి వెళతారు. ఆన్‌లైన్‌లో అదే రాయి రంగు ఒక్కో తెరపై ఒక్కోలా కనిపించి, నగ తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఫొటోలోని రాయే పంపుతున్నామని రాయడం, పగటి వెలుగులో తీసిన చిత్రం పెట్టడం కొంత కాపాడుతాయి. ఫిలిగ్రీకి తెర మీద రంగు చిక్కు లేదు కానీ పార్సిల్‌లో నలిగే భయం ఉంది.

ఇవన్నీ కలిపి చూస్తే, వంశంలో పని లేనివారికి, సొంతంగా మొదలుపెట్టేవారికి రాయి పనే మేలని నా అభిప్రాయం: 925 వెండి, గూడు కట్టిన క్యాబొషాన్లు, తెలిసిన నాలుగైదు రాళ్లు, మొదటి రెండేళ్లు ముఖాముఖి అమ్మకం. తీగ పని చేతిలో ఉన్న కుటుంబాల వారు దాన్ని వదిలి రాళ్లకు మారాలని మాత్రం నేను అనను. వారు చేయవలసింది, నాకు తోచినంతలో, గ్రాముల బిల్లును వదలడం. చిన్న గార్నెట్‌నో ముత్యాన్నో తీగ పువ్వు నడుమ కూర్చితే ఆ నగ తూకం లెక్క నుంచి బయటపడి నగ లెక్కలోకి వస్తుంది, తీగలో పడ్డ శ్రమకు ధర అడిగే వీలు కలుగుతుంది. ఎవరైనా సరే బిల్లు మీద వెండి నికర బరువు, దాని శాతం, రాయి పేరు, రాయికి చేసిన శుద్ధి, పని కూలి అయిదింటినీ వేరువేరు వరుసల్లో రాయాలి. పని కూలిని గ్రాములతో ముడిపెట్టకుండా ఒకే మొత్తంగా చూపాలి. మొదట్లో బేరం ఆ వరుస దగ్గరే ఆగుతుంది. అక్కడ కూలి తగ్గించే బదులు, అదే రూపంలో చిన్న నగ చూపించడం మంచిది.