ఊరికొక క్రీడా ప్రాంగణమా, అందరికీ బడి మైదానమా: ఏది మేలు?

పల్లెల్లో ఆటస్థలం సమకూర్చడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ప్రతి ఊరికీ విడిగా ఒక క్రీడా ప్రాంగణం ఏర్పాటు చేయడం ఒకటి. ఇప్పటికే ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మైదానాన్ని బడీ, చుట్టుపక్కల ఊళ్లూ వేళలు పంచుకొని వాడుకోవడం మరొకటి. తెలంగాణ ప్రభుత్వం 2022లో మొదటి మార్గాన్ని ఎంచుకొని ఊరూరా ప్రాంగణాలు మొదలుపెట్టింది. తగినంత మైదానం ఉన్న బడి దగ్గర్లో ఉంటే రెండో మార్గమే మేలని నా అభిప్రాయం.

ప్రాంగణానికి ఉన్న పెద్ద బలం స్వేచ్ఛ. అది పంచాయతీది కాబట్టి బడి గంటతోనూ పరీక్షలతోనూ దానికి పని లేదు. పొలం పని ముగించుకొని వచ్చిన యువకులు ఎవరినీ తాళం అడగనక్కరలేదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10 మీటర్లు. ఇవి రెండూ, వాటితోపాటు ఖోఖో కోర్టూ, లాంగ్ జంప్ గుంతా ఎకరంలో సులువుగా ఇముడుతాయి. కానీ ఎనిమిది వరుసల 400 మీటర్ల ట్రాక్‌కు దాదాపు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు, అంటే సుమారు నాలుగెకరాలు కావాలి. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 400 మీటర్ల పరుగులోనే. అలాంటి పరుగు నేర్చుకోవాలనుకునే పిల్లకు ఎకరం, అరెకరం ప్రాంగణం ఏ విధంగానూ సరిపోదు. పైగా ప్రభుత్వ భూమి ఎక్కడ దొరికితే అక్కడే ప్రాంగణం వెలుస్తుంది. అది ఊరికి దూరంగా గుట్ట పక్కనో చెరువు కిందనో పడితే పిల్లలు వెళ్లరు, ఎవరూ తొక్కని నేలలో ఒక్క వానాకాలానికే పిచ్చిమొక్కలు మొలుస్తాయి.

బడి మైదానం సంగతి వేరు. అది ఊరి నడుమనో రోడ్డు పక్కనో ఉంటుంది, చాలాచోట్ల ప్రహరీ, బోరు ఉంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా ఒక పీఈటీ సార్ ఉంటారు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఉన్నత పాఠశాలకు మూడు నాలుగు ఊళ్ల పిల్లలు వస్తారు. స్థలం జిల్లా పరిషత్తుది. అయినా సాయంత్రం కాగానే, బడి ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి యువకులదే అది అన్నట్టు పక్క ఊరి జట్టును బయటికి పంపడం కనిపిస్తుంది. ఇది అన్యాయం, దీన్ని సరిదిద్దకుండా మైదానాన్ని పంచుకుంటున్నామని చెప్పుకోవడంలో అర్థం లేదు.

ప్రధానోపాధ్యాయులు గేటుకు తాళం వేయడానికీ గట్టి కారణాలే ఉన్నాయి. రాత్రి తాగి పగలగొట్టిన సీసా పెంకులు పొద్దున పిల్లల కాళ్లలో గుచ్చుకుంటాయి. కోతల కాలంలో వడ్లు ఆరబోస్తారు, సభలకు పందిళ్లు వేసి గుంతలు పూడ్చకుండా వెళ్తారు, తడి నేల మీద ట్రాక్టర్ తిప్పితే చాళ్లు ఎండి గట్టిపడి చీలమండలు బెణుకుతాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట నిలదీసేది హెచ్.ఎం.నే. కాబట్టి నోటిమాట మీద మైదానం తెరవమనడం వారికి మోయలేని బరువే.

అందుకే బడికీ, అన్ని పంచాయతీలకూ మధ్య కాగితం మీద ఒప్పందం ఉండాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, బడి వదిలాక ఏ రోజు ఏ ఊరి జట్టుకు, వాన పడ్డాక ఎన్నాళ్లు ఆట ఆపాలి, పదో తరగతి పరీక్షలప్పుడు ఏం చేయాలి, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది అన్నవన్నీ అందులో రాసుకోవాలి. ఆడపిల్లలకు విడిగా వేళ కేటాయించడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే క్రికెట్ జట్టు మైదానమంతా పరుచుకున్నాక పన్నెండేళ్ల పిల్ల అక్కడికి వచ్చి పరుగెత్తలేదు, ఆమె రాకపోతే ఆసక్తి లేదని పెద్దలు తేల్చేస్తారు.

ఖర్చులోనూ ఇదే మెరుగు. ప్రాంగణానికి ఏటా చదును, కలుపుతీత, కాపలా ఒకే పంచాయతీ భరించాలి. ఉమ్మడి మైదానానికైతే మూడు నాలుగు పంచాయతీలు కలిసి రోలర్, సున్నపు గీతలు, రెండు దీపస్తంభాలు సమకూర్చుకోవచ్చు. మండల కేంద్రంలో ఒకే పెద్ద స్టేడియం కట్టే మూడో మార్గం పోటీలకు పనికొస్తుంది కానీ, రోజువారీ సాధనకు కాదు. చీకటిపడ్డాక తిరిగి రావడానికి బస్సు లేని ఊళ్లే ఎక్కువ.

బడికి అసలు మైదానమే లేని చోట, లేదా అది అరెకరానికి మించని చోట నా లెక్క మారుతుంది. అక్కడ ప్రాంగణమే కావాలి, దాన్ని బడికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఎంచుకొని, పగలు బడికీ సాయంత్రం ఊళ్లకూ అదే ఒప్పందం ప్రకారం ఇవ్వాలి.