రీఫర్బిష్డ్ ఫోన్ కొంటున్నారా? పాతాయన బాకీ కూడా మీ ఇంటికే రావచ్చు, జాగ్రత్త

ఆన్‌లైన్‌లో రీఫర్బిష్డ్ ఫోన్ (ఒకరు వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) కొనాలని చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. తెర మీద గీతలున్నాయా, బ్యాటరీ ఎంత మిగిలింది, కెమెరా మసకబారిందా అన్నవి ఎవరైనా చెప్పే జాగ్రత్తలే. ఆ ఫోనును మొట్టమొదట ఈఎంఐ మీద కొన్న మనిషి వాయిదాలన్నీ తీర్చాడా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అతను ఎగ్గొడితే తాళం పడేది మీ చేతిలో ఉన్న ఫోనుకు. మా ఇంట్లో పడింది.

కొన్నది మా మేనకోడలి కోసం. ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లకు పాతిక వేలు పోసి కొత్తది కొనడమెందుకు, అదే మోడల్ పదిహేను వేల లోపు దొరుకుతోంది కదా అని మా బావగారు ఆర్డర్ పెట్టారు. కొన్న ఆన్‌లైన్ అమ్మకాల వేదిక పేరున్నదే. ‘దాదాపు కొత్తది’ అనే గ్రేడు, నిపుణులు తనిఖీ చేశారన్న ముద్ర, ఆరు నెలల వారంటీ, ఏడు రోజుల్లో వాపసు. వచ్చిన ఫోను కూడా మాటకు తగ్గట్టే ఉంది. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒక్క గీత లేదు, స్పీకర్ జాలీలో దుమ్ము లేదు, ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలిచేది. వాపసు గడువు హాయిగా దాటిపోయింది.

రెండో నెలలో ఒక ఉదయం అమ్మాయి కాలేజీకి బయలుదేరబోతూ ఫోను తీస్తే, రోజూ కనిపించే తెర లేదు. తెల్లటి పేజీ మీద ఎర్ర అక్షరాలు: వాయిదా చెల్లించనందున ఈ ఫోను లాక్ చేయబడింది. దాని కింద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు, అప్పు ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు, ‘ఇప్పుడే చెల్లించండి’ అనే మీట, అత్యవసర కాల్ మీట. అంతే. ఎటు జరిపినా కదలదు. స్విచ్ ఆఫ్ చేసి తిరిగి వేస్తే మళ్లీ అదే పేజీ. లోపల మెసేజీలు వస్తున్న చప్పుడు వినబడుతోంది, తెరిచి చూడటానికి వీల్లేదు. ముందు ఏదో వైరస్ అనుకుంది, తర్వాత ఎవరో మోసగాళ్లు డబ్బు గుంజడానికి చేసిన పని అనుకుంది. రెండూ కాదు. ఆ కంపెనీ నిజమైనది, ఆ అప్పు నిజమైనది. అప్పు చేసిన మనిషి ఎవరో మాత్రం మాకు తెలియదు.

ముందుగా చేసిన మంచిపని, సిమ్ తీసి ఇంట్లో ఉన్న మీటల ఫోనులో వేయడం. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి కాబట్టి మీకిలా జరిగితే మీరూ అదే చేయండి. తర్వాత మొదలయ్యాయి అసలు తిప్పలు.

వేదిక కస్టమర్ కేర్ వారు మొదట ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోనులో ఉన్నదంతా చెరిపి మొదటికి తేవడం, చేయమన్నారు. తెరే తెరుచుకోని ఫోనులో రీసెట్ ఎక్కడుందో వారే చూపించాలి. మరుసటి సారి వాపసు గడువు అయిపోయిందన్నారు. వారంటీ ఉంది కదా అంటే అది హార్డ్‌వేర్ లోపాలకే, ఇది సాఫ్ట్‌వేర్ సమస్య అన్నారు. చివరికి తాము వేదిక మాత్రమేనని, అమ్మినవారు వేరని చెప్పి ఫిర్యాదు మూసేశారు. మూసిన వెంటనే ‘మీ సమస్య పరిష్కారమైంది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని సందేశం!

ఫైనాన్స్ కంపెనీ వారు ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఆ మర్యాదతోనే గోడ కట్టారు. అప్పు మీ పేరు మీద లేదు కాబట్టి వివరాలు చెప్పలేం అన్నారు. మరి తాళం తీయాలంటే? బాకీ కడితే తీస్తాం అన్నారు. బాకీ ఎంత? అప్పు మీ పేరు మీద లేదు కాబట్టి చెప్పలేం. ఈ చోట చాలామందికి విసుగొచ్చి, తెర మీది మీట నొక్కి వాయిదా ఏదో కట్టేసి వదిలించుకుందాం అనిపిస్తుంది. కట్టకండి. ఆ ఒక్క వాయిదాతో తాళం తెరుచుకున్నా, అప్పు మిగిలి ఉంటే వచ్చే నెల గడువు దాటగానే మళ్లీ పడుతుంది. ఊరూ పేరూ తెలియని మనిషి అప్పును నెలనెలా మీరు మోయాల్సి వస్తుంది.

అసలు ఇది ఎలా సాధ్యం? ఫోను వాయిదాల మీద కొన్నప్పుడు, ముఖ్యంగా క్రెడిట్ కార్డు లేనివారికి అప్పు ఇచ్చేటప్పుడు, దుకాణంలోనే ఆ ఫోనులోకి తాళం వేసే యాప్ ఎక్కించే పద్ధతి ఉంది. అది మామూలు యాప్ కాదు. ఆఫీసులు ఉద్యోగులకిచ్చే ఫోన్లను అదుపులో పెట్టుకోవడానికి ఆండ్రాయిడ్‌లో ఉన్న ఏర్పాటునే ఇక్కడా వాడతారు. యజమాని హోదా ఆ యాప్‌ది, వాడుకునే హక్కు మాత్రం మనది. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ గార్డ్ అనేది ఇందుకే ఉంది. గూగుల్ కూడా డివైస్ లాక్ కంట్రోలర్ అని ఒకటి తయారుచేసింది. (కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ రెండో పేరు యాప్‌ల జాబితాలో కనిపించినంత మాత్రాన అప్పు ఉన్నట్టు కాదు, కంగారు పడకండి.) ఇలాంటి ఏర్పాట్లలో ఫోను ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, కంపెనీ సర్వర్‌లో నమోదై ఉంటుంది. ఫోనులో ఏది చెరిపినా సర్వర్‌లోని ఆ నమోదు చెరగదు.

ఈ సంగతిని మాకు సూటిగా చెప్పింది మా వీధి చివర మరమ్మతు దుకాణం కుర్రవాడే. “సాఫ్ట్‌వేర్ ఎక్కించి తీసేయగలను సార్. కానీ నెట్ తగలగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీ డబ్బులు దండగ” అన్నాడు. కస్టమర్ కేర్ వాళ్లందరిలో లేని నిజాయితీ అతనిలో కనిపించింది. ఇంకో దుకాణంలో మాత్రం ఐఎంఈఐ మార్చేస్తే పీడ విరగడవుతుందని సలహా ఇచ్చారు. ఆ మాట ఎవరన్నా వెంటనే బయటికి వచ్చేయండి. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఐఎంఈఐని తారుమారు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బాధితుడిగా వెళ్లినవాడు నిందితుడిగా తేలే దారి అది.

“సంచార్ సాథీలో చూసుకుంటే సరిపోయేది కదా” అని కొందరు అన్నారు. చూశాం. 2023 మే నెల నుంచి దేశమంతటా అందుబాటులో ఉన్న ఆ కేంద్ర టెలికం శాఖ పోర్టల్ మంచిదే, సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవారు తప్పక వాడాల్సినదే. *#06# కొడితే తెర మీద వచ్చే 15 అంకెల నంబరును అందులో వేస్తే, ఆ ఫోను కంపెనీ, మోడల్ ఏమిటో, దొంగసొత్తుగా బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. KYM అని ఆంగ్ల అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపినా చెబుతుంది. మా ఫోనుకు అక్కడ అంతా సవ్యంగానే వచ్చింది. ఎందుకంటే అది దొంగది కాదు, బాకీది. బాకీల సంగతి ఆ పోర్టల్ చెప్పదు. పాత బైకు కొంటే ఆర్‌సీలోనే అప్పిచ్చిన సంస్థ పేరు ఉంటుంది, ఆ సంస్థ నుంచి అభ్యంతరం లేదనే పత్రం తెచ్చి ఆ పేరు తీయిస్తేగానీ తెలిసినవాడెవడూ బండి కొనడు. పదిహేను వేల ఫోనుకు అలా చూసుకోవడానికి ఆర్‌సీ లాంటి కాగితమే లేదు.

కాబట్టి వాపసు గడువు ఉన్న రోజుల్లోనే మన తనిఖీ మనం చేసుకోవాలి. ఫోను రాగానే పాటలు, ఫొటోలు ఎక్కించకండి. పెట్టె తెరవడం మొదలు వీడియో తీయండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ ఎంపిక నొక్కడానికి వీల్లేకుండా మసకబారి ఉంటే అక్కడే అనుమానించండి, ఎందుకంటే తాళం యాప్‌లు మొదట అడ్డుకునేది దాన్నే. రీసెట్ అయ్యాక ఫోను మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కదా, అప్పుడు వైఫై అడిగితే దాటవేయకుండా తప్పనిసరిగా కలపండి. సర్వర్‌లో నమోదైన ఫోను అయితే సాధారణంగా ఆ సమయంలోనే దాని బండారం బయటపడుతుంది: ఈ ఫోను ఫలానా సంస్థకు చెందినదనో, ఫలానా సంస్థ నిర్వహణలో ఉందనో ఒక పేజీ వస్తుంది. నెట్ లేకుండా ఆ ఘట్టం దాటేస్తే అది కనిపించకపోవచ్చు. తర్వాత సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా తెరిచి, మీరు ఎక్కించని యాప్ ఏదైనా అక్కడ పెత్తనం చేస్తోందేమో చూడండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్ పైభాగంలోనే, ఇది ఒక సంస్థ పర్యవేక్షణలో ఉందని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇన్ని చూసినా అప్పటికి వాయిదాలు సక్రమంగా కడుతున్న ఫోనులో తాళం జాడ కంటపడకపోవచ్చు. అందుకే కొనే ముందే అమ్మేవారిని చాట్‌లో ఒక్క ప్రశ్న అడగండి: “ఈ ఫోను మీద అప్పు, ఫైనాన్స్ లాక్ ఏమీ లేవని రాసివ్వగలరా?” జవాబు ఏదైనా స్క్రీన్‌షాట్ తీసుకోండి. దాటవేస్తే కొనకండి. బిల్లు మీద ఐఎంఈఐ నంబరు ఉందా, అది ఫోనులోని నంబరుతో కలుస్తోందా అన్నది కూడా చూడండి. నంబరు లేని బిల్లుతో తర్వాత ఏదీ రుజువు చేయలేరు.

ఇప్పటికే తాళం పడినవారికి ఒక ధైర్యం చెప్పాలి. వాపసు గడువు అయిపోయింది కాబట్టి కథ ముగిసిందన్నది వారు చెప్పే మాట మాత్రమే, చట్టం చెప్పేది వేరు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అమ్మిన వస్తువు మీద కొన్నవాడికి చెప్పని మూడో మనిషి బాకీ గానీ, హక్కు గానీ ఉండకూడదు. అది ఎక్కడా రాయకపోయినా వర్తించే హామీ. సెల్‌ఫోన్ అనే మాట పుట్టక ముందే వచ్చిన చట్టం మన సమస్యకు అతికినట్టు సరిపోయింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆయన ఈమెయిల్ సైట్‌లో అట్టడుగున ఎక్కడో ఉంటుంది, ఓపికగా వెతకండి. చాట్‌బాట్‌కు చెప్పుకోవడం కంటే అది వంద రెట్లు నయం.

మా బావగారు ఆ 14వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ అధికారికి ఈమెయిల్ పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, ఇంట్లో కూర్చుని వినియోగదారుల కేసుల ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. మాకు అంతదాకా వెళ్లాల్సిన పని పడలేదు. 1915 ఫిర్యాదు వెళ్లాక వేదిక గొంతు మారింది. మొదట డబ్బును తమ వాలెట్‌లో వేస్తామన్నారు, అంటే మళ్లీ వారి దగ్గరే కొనాలన్నమాట. ఒప్పుకోలేదు. చివరికి బ్యాంకు ఖాతాలోనే వేశారు. ఫోను మాత్రం తీసుకుపోయారు. అందులోని క్లాసు నోట్సు ఫొటోలు, హాస్టల్ స్నేహితులతో దిగినవి, అన్నీ దానితోపాటే పోయాయి. గూగుల్ ఖాతాలో బ్యాకప్ ఆన్ చేసి ఉన్న కొన్ని మాత్రం మిగిలాయి.

వేదిక మీద పెట్టిన సమీక్షలో ఇదంతా రాస్తే ‘మార్గదర్శకాలకు విరుద్ధం’ అని తిప్పి పంపారు. అదే అమ్మకందారు, అదే మోడల్, అదే ‘దాదాపు కొత్తది’ గ్రేడుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. నిన్న చూస్తే ధర ఐదు వందలు తగ్గించారు కూడా.